బొమ్మను పక్కకు తిప్పిందెవరు

కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లకు గది ఉంటుంది, బోర్డు ఉంటుంది, గంట కొడితే వచ్చి కూర్చునే పిల్లలుంటారు. శిక్షణ, విస్తరణ విభాగంలో ఉన్నవాళ్లకు ఇవేవీ ఉండవు. గది మనమే వెతుక్కోవాలి, మనుషులను మనమే వెతుక్కోవాలి. ఏ పని నేర్పితే వాళ్లకు అక్కరకొస్తుందో ఊళ్లో తిరిగి కనుక్కోవాలి. నేర్పాక, ఆ పని ఇచ్చేవాళ్లను కూడా మనమే పట్టుకోవాలి. వరంగల్‌లోని ఒక కాలేజీలో నేను రిటైరయ్యేదాకా చేసింది ఈ ఉద్యోగమే.

నా పేరు రజియా. మా నాన్న డోర్నకల్‌లో రైల్వేలో పనిచేసేవాడు. ఇంట్లో మేం మాట్లాడుకునేది తెలుగే. ఊళ్లకు వెళ్తే ఆడవాళ్లు నా పేరు విని, నా మాట విని, "మీరు సాయిబులోళ్లా మేడం? నిజంగనే?" అని నవ్వేవారు. ఆ నవ్వుతోనే నా పని సగం అయిపోయేది.

ఇప్పుడు ఆ విభాగంలోకి వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఏమైనా చెప్పమంటారు. నివేదిక ఎలా రాయాలో, పైవాళ్లకు ఏం పంపాలో నేను చెప్పను. అవి ఆఫీసులో ఎవరైనా నేర్పుతారు. ఎవరూ నేర్పనిది ఒకటుంది. మనం పాఠం చెప్పడానికి వెళ్లిన చోట మనకంటే ముందే ఎవరో ఉంటారు. అది నాకు రెండు చోట్ల తెలిసొచ్చింది. మొదటి చోట ఆశ్చర్యపోయాను. రెండో చోట భయపడ్డాను. ఆ భయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మూతబడ్డ షెడ్డు

అప్పటి మా ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు. పైనుంచి నిధులు తెప్పించడంలో ఆయనకు సాటి లేరు. కానీ బోర్డు పెడితే శిక్షణ మొదలైనట్టే, ఫొటో దిగితే పూర్తయినట్టే అని ఆయన గట్టిగా నమ్మేవాడు. "ఖాళీగ ఉన్న జాగా ఏదైనా చూడండి మేడం. ఫ్లెక్సీ కట్టండి. మిగతాది అదే అయితది" అనేవాడు.

వరంగల్‌లోనే ఒక నేత వాడలో మూతబడిన పవర్‌లూమ్ షెడ్డు దొరికింది. మగ్గాలు ఎప్పుడో తీసేశారు. నేల మీద వాటి కాళ్లు దిగిన గుంటలు మాత్రం ఉన్నాయి. అందులో కుట్టుమిషన్లు వేయించి, ఆ వాడ ఆడపిల్లలకు రెడీమేడ్ బట్టలు కుట్టడం నేర్పించాం.

మొదటి రోజు పొద్దున ఎదురుగోడ పక్కన నలుగురైదుగురు ముసలివాళ్లు వచ్చి కూర్చున్నారు. చేతుల్లో టిఫిన్ డబ్బాలు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. మధ్యాహ్నం అక్కడే తిన్నారు. సాయంత్రం అందరూ ఒకేసారి లేచి, లుంగీలు దులుపుకుని వెళ్లిపోయారు. మర్నాడూ అంతే. పిల్లలు కిటికీ వైపు చూడటం మానేశారు.

నాకు ఉండబట్టక, వాళ్లలో పెద్దాయన మార్కండేయ దగ్గరికి వెళ్లి అడిగాను.

"తాతా, పిల్లలు జర భయపడుతున్నరు. మీరు ఎవరి కోసం కూసుంటున్నరు?"

"ఎవలి కోసం గాదు బిడ్డా. మేం ఈ షెడ్డుల పనిచేసినోళ్లం. ఇంటికాడ కూసుంటే చెవులల్ల హోరు. ఈడ కూసుంటే ఆ హోరు ఆగుతాంది."

"ఇప్పుడు మగ్గాలు లేవు గదా."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మీకు ఇనబడతలేవా?" అన్నాడు.

కొన్నాళ్లకు వాళ్లలో ఒకాయన రావడం ఆగిపోయింది. చనిపోయాడని తర్వాత తెలిసింది. మిగతావాళ్లు జరిగి కూర్చోలేదు. ఆయన కూర్చునే జాగా అలాగే వదిలి, ఇటూ అటూ కూర్చున్నారు. కోర్సు అయిపోయేసరికి ఆ గోడ దగ్గర మనుషుల కంటే ఖాళీలే ఎక్కువ కనిపించేవి. మా పిల్లలు వెళ్లేటప్పుడు ఆ ఖాళీల ముందు నుంచి నడవక, చుట్టూ తిరిగి పోయేవారు.

ఖాళీ షెడ్డు అని మాకు చెప్పినవాడు అబద్ధం చెప్పలేదు. ఆయనకు అది ఖాళీగానే కనబడింది.

పేషెంటక్క

రెండోది కేసముద్రం. అక్కడి పత్తి మార్కెట్ చుట్టుపక్కల ఊళ్లలో ఒక విషయం గమనించాను. చాలా ఇళ్లలో మంచం పట్టినవాళ్లు ఉన్నారు. పక్షవాతం వచ్చినవాళ్లు, బండి మీద నుంచి పడ్డవాళ్లు. దవాఖాన నుంచి ఇంటికి పంపేశాక వాళ్లను ఎలా చూసుకోవాలో ఎవరికీ తెలియదు. ఇంకోవైపు హనుమకొండలో, ఇంట్లో రోగిని చూసుకునే మనిషి దొరకడం లేదని ఎందరో అడుగుతున్నారు. ఈ రెంటినీ కలిపి, ఆడవాళ్లకు రోగి సంరక్షణ కోర్సు పెట్టాం.

మార్కెట్ యార్డుకు దూరంగా ఒక వ్యాపారి పాత పత్తి గోదాం ఉంది. దాన్ని ఆనుకుని ఒక గది. ఫోన్‌లో అడిగితే, "ఖాళీగనే ఉన్నది, వాడుకోండి" అన్నాడు. సున్నం వేయించి, వెనక గోడ నిండా కాలేజీ ఫ్లెక్సీ కట్టించాం. కిటికీ కింద మంచం వేశాం. మంచం మీద బొమ్మను పడుకోబెట్టాం.

ఇది ఆడుకునే బొమ్మ కాదు. నర్సింగ్ నేర్పడానికి వాడే, మనిషంత ఉండే ఆడబొమ్మ. రబ్బరు చర్మం, జుట్టు, మడిచే కాళ్లు చేతులు. పడుకోబెడితే కళ్లు మూసుకుంటాయి. వీపు కింద చెయ్యి పెట్టి లేపితే తెరుచుకుంటాయి.

నేర్పేది సుజాత. పెద్ద దవాఖానలో నర్సుగా చేసి మా దగ్గరికి వచ్చిన మనిషి. ధైర్యం, నోరు రెండూ ఎక్కువే. మొదటి రోజు ఆడవాళ్లు బొమ్మ మొహం మీద తువ్వాలు కప్పేశారు. సుజాత దాన్ని లాగి పారేసింది.

"మొహం మీద గుడ్డ ఎవరికి కప్పుతరు? ఈమె మన పేషెంట్. బతికున్న మనిషి. చూసి మాట్లాడుండ్రి."

వాళ్లలో చురుకైనది సరిత అనే కోడలుపిల్ల. బొమ్మకు "పేషెంటక్క" అని పేరు పెట్టింది ఆమే. ఆ పేరుతో భయం తగ్గింది. "అక్కా, జర చెయ్యి లేపుతాన" అని చెప్పి మరీ చెయ్యి లేపడం నేర్చుకున్నారు.

ఒక నడివయసు ఆడమనిషి రోజూ కిటికీ బయట కూర్చుని, గోదాంలో ఊడ్చిన చెత్తలోంచి పత్తి ఏరుతూ ఉండేది. పేరు యాకమ్మ. మా వైపు దర్గాకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు హిందువుల ఇళ్లలో కూడా ఆ పేరు పెట్టుకుంటారు. గోదాం ఊడవడం ఆమె పని, వెనక రేకుల చాటున ఆమె కాపురం. లోపలికి వచ్చి నేర్చుకోమని పిలిచాను.

"నాకెందుకు మేడం ఇప్పుడు" అంది తల ఎత్తకుండా.

ఆ "ఇప్పుడు" అనే మాట నేను పట్టించుకోలేదు.

పక్కకు తిరిగింది

ఆ వారం పాఠం, మంచం మీద ఉన్న మనిషిని పక్కకు తిప్పడం. సుజాత చెప్పింది సులువుగానే ఉంది. కదలలేని మనిషిని వెల్లకిలా అలాగే వదిలేయకూడదు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. వీపు వెనక దిండు, మోకాళ్ల మధ్య మడిచిన దుప్పటి పెట్టాలి. లేకపోతే ఒరుసుకున్న చోట పుండ్లు పడతాయి. ఆ పుండ్లతోనే ప్రాణం పోవచ్చు.

ఆ మాటలు చెప్తుండగా కిటికీ బయట చేట కింద పడ్డ చప్పుడయింది. తొంగి చూస్తే యాకమ్మ లేదు. పత్తి అంతా మట్టిలో పడి ఉంది.

మర్నాడు సుజాత తాళం తీసేసరికి బొమ్మ పక్కకు తిరిగి ఉంది. మొహం గోడ వైపు. వీపు వెనక దిండు. మోకాళ్ల మధ్య మడిచిన గోనెసంచి.

సుజాత నేనే అలా పెట్టానేమో అనుకుంది. నేను ముందు రోజే వరంగల్ వచ్చేశాను. తాళంచెవి ఆమె బ్యాగులోనే ఉంది. ఎవరో తమాషా చేశారనుకుని పాఠం చెప్పి వెళ్లిపోయింది. మరో రోజు ఇంకో పక్కకు తిరిగి ఉంది. ఆ తర్వాత ఒకరోజు గదిలోకి అడుగుపెట్టగానే కొబ్బరినూనె వాసన. బొమ్మ జుట్టు నున్నగా దువ్వి, రెండు జడలు వేసి ఉంది.

ఆ వాసనకు ఇద్దరు ఆడవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయారు.

సరిత మాత్రం భయపడలేదు. ఒకరోజు అందరికంటే ముందొచ్చి, సుజాతతో పాటే లోపలికి వెళ్లింది. అలవాటు ప్రకారం బొమ్మ చెయ్యి పట్టుకుంది. వెంటనే వదిలేసి గోడకు ఆనుకుంది.

"ఏమైందే?" అంది సుజాత.

"అక్కా... చెయ్యి వెచ్చగున్నది."

సుజాత పట్టుకుని చూసింది. నిజంగానే వెచ్చగా ఉంది. చెయ్యే కాదు, మెడ, వీపు కూడా. ఇది చెప్పడానికి నాకు ఫోన్ చేసినప్పుడు సుజాత గొంతు ఎలా ఉందో నాకు గుర్తుంది. దవాఖానలో ఎన్నో చావులు చూసిన మనిషి ఆమె. "మేడం, మీరు రాండ్రి. నేను ఒక్కదాన్ని లోపటికి పోను" అంది.

ఊళ్లో మాట పాకింది. ఏదో ప్రాణం బొమ్మలో చేరిందన్నారు. ఒకావిడ గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది. తరగతి సగానికి సగం పడిపోయింది. ప్రిన్సిపాల్‌కు తెలిసి నన్ను గదిలోకి పిలిచాడు.

"పేపర్ల వస్తే కాలేజీ ఇజ్జత్ పోతది మేడం. బొమ్మను వాపస్ తెప్పించండి. కోర్సు బంద్ చేయండి."

"సార్, మనం భయపడి లేచివస్తే, ఆ ఊళ్లె మంచం పట్టినోళ్ల దగ్గరికి ఇగ ఎవరూ పోరు. పోయి చూసి వస్త. తర్వాత మీ ఇష్టం."

ఆయన ఒప్పుకున్నాడనలేను. వద్దనలేదు, అంతే.

కిటికీ

పొద్దుటి బండికి కేసముద్రంలో దిగాను. ఎవరికీ చెప్పలేదు. గోదాం దగ్గరికి నడిచేసరికి ఎండ అప్పుడే పడుతోంది. గాలిలో పత్తి నూగు తేలుతోంది. గది తాళం వేసే ఉంది. పట్టుకుని లాగి చూశాను. గట్టిగా ఉంది.

లోపల నుంచి నీళ్లలో గుడ్డ పిండిన చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత ఒక గొంతు, బుజ్జగిస్తున్నట్టుగా, "అయిపోయింది బిడ్డా. జర ఓర్సుకో. నడుం కాడ ఒక్కటే మిగిలింది" అంది.

నోట్లో దువా చదువుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లాను. రెక్కల మధ్య సందు ఉంది. అందులోంచి చూశాను. మంచం పక్కన యాకమ్మ. కింద ఆవిర్లు పోయే నీళ్ల గిన్నె. ఆమె తడిగుడ్డతో బొమ్మ వీపు తుడుస్తోంది. తర్వాత దాని వీపు కింద చెయ్యి పెట్టి లేపింది.

"ఇగ ఈ దిక్కు తిరుగు" అంది.

బొమ్మ తల ఆమె భుజం మీదుగా కిటికీ వైపు వాలింది. కళ్లు తెరుచుకుని సూటిగా నన్ను చూశాయి.

ఆ కళ్ల యంత్రం ఎలా పనిచేస్తుందో నాకు తెలుసు. ఆ బొమ్మను తెప్పించిందే నేను. అయినా అరిచాను.

యాకమ్మ ఉలిక్కిపడలేదు. బొమ్మను నెమ్మదిగా పక్కకు పడుకోబెట్టి, దిండు సర్ది, అప్పుడు కిటికీ దగ్గరికి వచ్చింది. "మెల్లగ మేడం. ఇప్పుడే కన్నంటుకుంటాంది" అంది.

వెనక గోడకు మేం కట్టిన ఫ్లెక్సీ వెనక ఒక చిన్న తలుపు ఉంది. గోదాంలోకి తెరుచుకుంటుంది. మా కాలేజీ పేరుతో మేమే దాన్ని కప్పేశాం. ఆమె ఆ దారిన వచ్చి, నన్ను తన రేకుల చాటుకు తీసుకెళ్లి కూర్చోబెట్టింది. నీళ్లిచ్చింది. నేను అడగకముందే చెప్పింది.

ఆ గది ఒకప్పుడు వాళ్ల ఇల్లు. ఆమె భర్త పోయాక ఆమె, కూతురు స్వరూప అందులోనే ఉండేవారు. స్వరూప పత్తి లోడు ఎక్కిస్తూ ట్రాక్టర్ మీద నుంచి పడింది. నడుం కింద నుంచి కదలిక పోయింది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి పంపేశారు.

"కదిలిస్తే నడుం ఇంకింత ఇరుగుతది అన్నరు మేడం. ఎవలన్నరో గూడ యాదికి లేదు. నేను కదిలియ్యలె. ఎట్ల పండుకోబెట్టిన్నో అట్లనే ఉంచిన. ‘అవ్వా, ఒక్కసారి పక్కకు తిప్పే, వీపు మండుతాంది’ అని బతిమిలాడేది. ‘వద్దు బిడ్డా, నీ మంచికే’ అనేదాన్ని."

కొంగుతో మొహం తుడుచుకోలేదు. ఏడవనే లేదు.

"పుండ్లు పడ్డయి. వాసన వస్తే ఊదుబత్తులు పెట్టిన. పక్కకు తిప్పుమని ఒక్కలు చెప్పలె మేడం. ఆ కిటికి కిందనే దాని మంచం. మీరు మంచం తెచ్చి ఆడనే ఏసిండ్రు."

ఆమె తలుపు వైపు చూస్తూ అంది.

"ఆ నర్సు బిడ్డ చెప్పిన దినం నుంచి నాకు ఇనబడుతాంది. ‘అవ్వా, తిప్పే’ అని. పోయి తిప్పితే ఆగుతాంది."

ముగ్గురు కావాలె

మన ఉద్యోగంలో చాలామందికి తెలియని సంగతి ఇది. పనికొచ్చే విద్య ఏది నేర్పినా, వింటున్నవాళ్లలో ఎవరో ఒకరికి అది ఆలస్యంగా చేరుతుంది. వాళ్ల చేతుల్లో అప్పటికే ఒకరు పోయి ఉంటారు. మనం లెక్కేసుకునేది ఎందరు పాసయ్యారని. ఆ ఒక్కరి ముఖం ఎటు తిరిగిందని చూడం. కొత్తగా వచ్చే మీరు తరగతి గదిలోకి చూడటంతో ఆగకండి. కిటికీ బయటికి కూడా చూడండి.

సుజాత వచ్చాక ఆమెకు అంతా చెప్పాను. ఆమె వెళ్లి యాకమ్మ ముందు కింద కూర్చుంది.

"అవ్వా, నేను ఊకె ఓదార్చను. నాకు రాదు. తిప్పాల్సుండె. అది నిజం. కానీ నడుం ఇరిగినోళ్లను మొదట్ల ఒక్కరే తిప్పరాదు. ముగ్గురు కావాలె. తలకాడ ఒకరు, నడుంకాడ ఒకరు, కాళ్లకాడ ఒకరు. అందరూ ఒక్కసారే తిప్పాలె. నువ్వు ఒక్కదానివి. ఆ రోజు నీకు తెలిసినా, ఇంకిద్దరు ఎవరు వస్తుండె?"

యాకమ్మ ఆ మాటను లోపల అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టుంది. "ఎవలు రాకపోదురు" అంది చివరికి. "వాసనకు ఎవలు రాకపోదురు."

వెళ్లిపోయిన ఆడవాళ్లందరినీ ఇళ్లకు వెళ్లి పిలుచుకొచ్చింది యాకమ్మే. మేం పిలిస్తే వచ్చేవారు కాదు. మంచం ముందు నిలబడి, నూనె పెట్టింది నేనే, వేడినీళ్లతో తుడిచింది నేనే అని చెప్పింది. కూతురి సంగతి చెప్పింది. చాలామందికి ఆ పిల్ల తెలుసు. ఆ రోజుల్లో ఆ గది ముందు నుంచి ముక్కు మూసుకుని నడిచినవాళ్లే వాళ్లు.

సుజాత పాఠం మళ్లీ మొదలుపెట్టింది. "ముగ్గురు రండ్రి" అంది.

తల దగ్గర యాకమ్మ నిలబడింది. నడుం దగ్గరికి సరిత వచ్చింది. కాళ్ల దగ్గరికి, గుమ్మానికి నిమ్మకాయలు కట్టిన ఆవిడ వచ్చింది. సుజాత లెక్కపెట్టింది. ముగ్గురూ ఒక్కసారే తిప్పారు.

"స్వరూపా, మెల్లగ" అంది యాకమ్మ.

బొమ్మ పక్కకు తిరిగింది. గదిలో ఎవరో హాయిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఒకరు వదిలారో, అందరం వదిలామో తెలియదు. ఆ రోజు అక్కడున్న ప్రతి ఆడమనిషి వంతుల వారీగా వచ్చి తిప్పింది. ఎవరూ పేషెంటక్క అనలేదు. అందరూ స్వరూప అనే అన్నారు.

ఇక్కడి వరకు నేను ఎవరికైనా వివరించగలను. తర్వాతది వివరించలేను.

యాకమ్మ ఆ తర్వాత తరగతిలో కూర్చుని నేర్చుకుంది. చిన్న తలుపుకు మేకులు కొట్టించాం. కోర్సు చివర్లో ఆమె మొక్కు తీర్చుకోవడానికి చెల్లెలితో దర్గాకు వెళ్లింది. ఆమె ఊళ్లో లేదు. ఆ సాయంత్రం సుజాత, నేను కలిసే బొమ్మను వెల్లకిలా పడుకోబెట్టి తాళం వేశాం. పొద్దున కలిసే తీశాం.

బొమ్మ పక్కకు తిరిగి ఉంది. కిటికీ వైపు.

తలుపుకు మేకులు మేకుల్లాగే ఉన్నాయి. సుజాత నా వైపు చూసింది. ఆమె మంచం దగ్గరికి వెళ్లి, నిజమైన రోగికి చేసినట్టే, వీపు మీద ఎర్రబడిందేమో చూసి, దుప్పటి కప్పింది. మేం ఎవరినీ అడగలేదు. ఆ ఆడవాళ్లలో ఎవరైనా వచ్చి ఉండవచ్చు. ఎలా వచ్చారన్నది నేను ఆలోచించడం మానేశాను.

బొమ్మను వ్యాన్‌లో వరంగల్ తీసుకెళ్తుంటే ఆడవాళ్లు వెనక సామాన్లలో పడేయనివ్వలేదు. సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. కూర్చోబెడితే కళ్లు తెరిచే ఉంటుంది కదా. మా డ్రైవర్ దారి పొడుగునా అద్దం పైకి తిప్పేసి నడిపాడు.

పలికే పేరు

సుజాత, నేను పోట్లాడుకున్నది ఒక్కసారే. హనుమకొండలో ఒక ఇంట్లో దీప్తి అనే అమ్మాయి ఉంది. బండి ప్రమాదంలో నడుం దెబ్బతిని మంచం మీద ఉంది. తల్లి బడిలో టీచరు. మనిషి కావాలని అడిగారు. సుజాత యాకమ్మను పంపుతానంది.

"వద్దు సుజాతా. అదే దెబ్బ, అదే వయసు. ఆమె తట్టుకోలేదు."

"తట్టుకుంటదో లేదో మీరెట్ల చెప్తరు మేడం? ఆమెనే అడుగుదాం."

అడిగాం. యాకమ్మ ఒక్క మాటే అంది. "పోత."

కొన్నాళ్లకు దీప్తి తల్లి నుంచి ఫోన్ వచ్చింది. ఒకసారి ఇంటికి రమ్మంది. ఫోన్‌లో చెప్పలేనంది. మధ్యాహ్నం వెళ్లాను. ఆమె నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"పని చాలా మంచిగ చేస్తది మేడం. నాకంటే బాగా చూసుకుంటది. కానీ మా పాపను వేరే పేరుతో పిలుస్తది. స్వరూప అని." ఆమె గొంతు తగ్గించింది. "అది కాదు నా భయం. మా పాప పలుకుతాంది. నేను దీప్తీ అంటే మొహం తిప్పుకుంటది. ఆమె స్వరూపా అంటే ‘ఆఁ అవ్వా’ అంటది. మొన్న అద్దంల చూసుకుంట కూడా ఆ పేరే అనుకుంటాంది."

యాకమ్మ మేడ మీద బట్టలు ఆరేస్తోంది. నేను దీప్తి దగ్గర కూర్చున్నాను. తెలివైన కళ్లు. నేనెందుకు వచ్చానో ఆమెకు తెలిసిపోయింది.

"అమ్మ పిలిచిందా మేడం?"

"అవును. స్వరూప ఎవరో నీకు తెలుసా?"

"తెలుసు. మొదటి రోజే చెప్పింది అవ్వ. సచ్చిపోయింది."

"భయం కాలేదా?"

కొంచెం ఆలోచించింది. "దీప్తి అంటే ఉరికేటిది మేడం. బండి నడిపేది. ఆ పేరు పిలిస్తే ఎవరినో పిలిచినట్టుంటది. స్వరూప మంచంల ఉన్నది గదా. ఆ పేరుకైతే నేను పలకొచ్చు. భయమైతది. ఒక్కదాన్నే ఉన్నప్పటంత కాదు."

యాకమ్మ వచ్చింది. నన్ను చూసి నవ్వి, చేతులు తుడుచుకుని మంచం మీదికి వంగింది. "స్వరూపా, ఈ పక్కకు పోదామా?" అంది. "ఆఁ అవ్వా" అంటూ దీప్తి మంచం కమ్మీ పట్టుకుని, తన బలంతో తనే తిరిగింది. గుమ్మంలో నా పక్కన నిలబడిన తల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏం చెయ్యమంటరు మేడం?" అంది. కొన్నాళ్లు చూడమన్నాను. వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, నేను చేసింది సరైనదేనా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను.

దీప్తికి చేతుల్లో బలం వచ్చింది. కుర్చీలో కూర్చోవడం, చక్రాల కుర్చీ తోసుకోవడం నేర్చుకుంది. నేను రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయే ఫోన్ చేసింది.

"మేడం, ఇయ్యాల అవ్వ స్వరూపా అని పిలిస్తే నేను పలకలే. నా పేరు దీప్తి అవ్వా అన్న."

కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. "ఏమన్నది?"

"ఏడ్వలే. కాసేపు నన్నే చూసింది. ‘మంచిది బిడ్డా. మరి దానికి చెప్పి వస్త’ అన్నది. వాకిట్లకు పోయి ఎవరితోనో మాట్లాడింది. నేను కుర్చీ తోసుకుంట కిటికీ కాడికి పోయి చూసిన. అక్కడ ఎవరూ లేరు మేడం."

"నీకు వినబడిందా, ఏమన్నదో?"

"వినబడ్డది. ‘ఇగ నిమ్మళంగ పండుకో బిడ్డా, నేను లేపను’ అన్నది."